చిన్నమ్మ కూర్చున్న భుజం

ఎవరైనా ఎదురైతే నేను ముందు ముఖం చూడను, ఎడమ భుజం చూస్తాను. ఇది మర్యాద కాదని నాకు తెలుసు. ఆడవాళ్లయితే కొంగు సర్దుకుంటారు. మగవాళ్లయితే ఈ ముసలాడికి మతి చెడిందేమో అనుకుంటారు. అనుకోనీ. పాతికేళ్లకు పైగా తాలూకా బోర్డు కింద టీకాలు వేసినవాడికి ఆ చూపు ఒక పట్టాన పోదు. మచ్చ కనబడితే అది నేను వేసిందో కాదో కూడా చెప్పగలను. నేను నాలుగు గాట్లు చదరంగా పెట్టేవాణ్ణి. నా తర్వాత వచ్చినవాడు నాలుగూ ఒకే వరసలో గీసి పోయాడు, బద్ధకం మనిషి.

కోడుమూరు దాటి పడమటి ఊళ్లన్నీ నావే. చలికాలం మొదలవగానే మద్రాసు నుంచి గాజు గొట్టాల్లో మందు వచ్చేది. వేడి తగిలితే చెడిపోతుంది కాబట్టి గొట్టాలను తడిగుడ్డలో చుట్టి, రేకు పెట్టెలో పెట్టుకుని, పొద్దు పొడవక ముందే బయలుదేరేవాణ్ణి. దారి పొడుగునా ఆ గుడ్డ ఆరిపోకుండా చూసుకోవడమే పెద్ద పని. నాకు తాగడానికి నీళ్లు దొరకని రోజులున్నాయి గాని, ఆ గుడ్డకు తడి లేని రోజు లేదు.

ఊరి మొదట్లో కుక్క అరిస్తే చాలు, పిల్లలు మాయమయ్యేవాళ్లు. చొప్పవాముల వెనక, గాదెల్లో, కంది చేలల్లో దాచేసేవాళ్లు. "మా ఇంట్లో పిల్లోల్లే లేరప్పా" అని నా ముఖం మీదే చెప్పేవాళ్లు. వెనక ఊయల ఇంకా ఊగుతూనే ఉండేది. ఆ ఊయలను చూస్తూ నేను నవ్వలేక, తిట్టలేక నిలబడేవాణ్ణి.

మాది కిరస్తానం పేట. మా తాత కాలానికే మా పేటలో చర్చి ఉంది. ఊళ్లో పెద్దింటి పిల్లవాడి చేయి పట్టుకుని నేను గాట్లు పెట్టొచ్చు గాని వాళ్ల అరుగు మీద కూర్చోకూడదు. నేను అటు పోగానే పిల్లవాడి నెత్తిన నీళ్లు పోసేవాళ్లు. నా జొన్నరొట్టె, గొడ్డుకారం నేనే మూట కట్టుకుపోయి చావడి మూలన ఒక్కణ్ణే తినేవాణ్ణి. ఇంటికి పోయినా అంతే. పెళ్లయిన రెండో ఏడే నా భార్య పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. మళ్లీ చేసుకోమని మా అక్క పోరింది. నెలలో ఇరవై దినాలు ఊళ్లు పట్టుకుని తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు? నాకూ మనసు రాలేదు. నాతో మాట్లాడేవాళ్లంటే నన్ను తిట్టేవాళ్లే. తిట్టయినా నన్ను చూసి నా కోసం తిట్టిందే కదా అని కొన్నిసార్లు అనిపించేది.

అసలు బాధ గాట్లు పెట్టడం కాదు, పెట్టిన తర్వాత మొదలయ్యేది. నేను వీధి మలుపు తిరిగానో లేదో అవ్వలు పనిలోకి దిగేవాళ్లు. పేడనీళ్లతో భుజం కడిగి, బూడిద రుద్ది, వేపాకు నూరి పట్టు వేసేవాళ్లు. మశూచి అంటే మా వైపు జబ్బు కాదు, అమ్మ. అమ్మ తనంతట తాను రావాలి, తనంతట తాను పోవాలి. సర్కారు మనిషి ఎవడో ఆమెను గాజు గొట్టంలో పట్టుకొచ్చి పిల్లల భుజాల్లో పోయడమేమిటని వాళ్ల కోపం. ఎనిమిదో రోజు నేను చూడ్డానికి తిరిగి వెళితే సగం భుజాలు నున్నగా ఉండేవి. మిగతా వాటిలో కొన్ని పేడ తగిలి చీము పట్టేవి. "సూడప్పా నీ టీకా ఎంత పని చేసిందో" అని ఆ చీమును నాకే చూపించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మీరు పేడ పూసి నన్నంటారా అని నేనూ నోరు చేసుకునేవాణ్ణి. నా నోరు మంచిది కాదని తాలూకా అంతా పేరు.

కర్నూలులో నాకు ఈ పని నేర్పిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. తక్కువ మాటల మనిషి. రెండు పాఠాలు నాతో కంఠతా పట్టించాడు. మొదటిది, టీకా వేస్తే మామూలుగా జరిగేది. మూడో రోజుకు ఎర్రటి పొక్కు లేస్తుంది. ఐదో రోజుకు అందులో నీళ్లు చేరి నడుమ గుంట పడుతుంది. ఎనిమిదో రోజుకు నిండుతుంది, చుట్టూ ఎర్రబడుతుంది. ఒకటి రెండు రోజులు జ్వరం, చంకలో బిళ్ల, పిల్లకు చిరాకు. తర్వాత ఎండి, మూడు వారాలకు పక్కు రాలిపోతుంది. దీనికి ఎవరూ భయపడనక్కర్లేదు. రెండోది, మామూలు కానిది. తగ్గిన జ్వరం మళ్లీ వస్తే, వాపూ ఎరుపూ మోచేయి దాటి దిగితే, పొక్కులు ఒంటి మీద ఇంకో చోట లేచినా కంటికి అంటినా, పిల్ల పాలూ నీళ్లూ మానేసి మగతగా పడి ఉంటే, ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి తేవాలి. ఒళ్లంతా గజ్జి ఉన్న పిల్లకు అసలు వేయకూడదు. "ప్రతి ఇంట్లో రెండూ చెప్పి రా. ఒకటి చెప్పి ఒకటి మింగొద్దు" అన్నాడాయన.

నేను రెండోది మింగడం మొదలుపెట్టాను. మొదట్లో రెండూ చెప్పాను, అబద్ధం ఎందుకు. మళ్లీ జ్వరం వస్తే, కంటికి అంటితే అని నేను మొదలుపెట్టగానే తల్లులు పిల్లల్ని లాక్కుని లోపలికి పోయేవాళ్లు. తలుపులు మూసుకునేవి. మూసిన తలుపుకు పాఠం చెప్పి ఏం లాభం? అందుకని "జ్వరం వస్తాది, పోతాది, ఏం కాదు" అని ముక్తసరిగా చెప్పి ఊరుకోవడం అలవాటయింది.

ఒక ఊళ్లో ఒక అవ్వ నేను చూస్తుండగానే పేడముద్ద తీసుకుని మనవడి మీదికి వచ్చింది. అప్పటికి ఆ పూట పదిమందితో గొంతు చించుకుని ఉన్నాను. ఇక అరిచే ఓపిక లేక, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నోట్లోంచి వచ్చేసింది. "తుడసాకు అవ్వా. ఈమె చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు. ఎనిమిది దినాలు నీ మనవడి భుజం మీద కూచోని పోతాది. చెల్లెలు కూచున్న ఇంటికి అక్క రాదు. పేడ పూస్తివంటే ఆమెకు కోపం వస్తాది" అన్నాను. అవ్వ చేయి గాల్లోనే ఆగిపోయింది. పేడముద్ద పక్కన పడేసి, చేయి కడుక్కుని వచ్చి, ఆ నాలుగు గాట్లకూ దండం పెట్టింది.

ఆ రోజు దారంతా నాలో నేనే నవ్వుకుంటూ నడిచాను. ఎంత తెలివిగలవాణ్ణి! తర్వాతి ఊళ్లోనూ అదే చెప్పాను. మూడో ఊరికి నా కంటే ముందే చిన్నమ్మ పేరు చేరింది. రెండు చలికాలాలు తిరిగేసరికి పేడ పూసేవాళ్లు లేరు. దాచిన పిల్లల్ని వాళ్లే బయటికి తెచ్చి, భుజానికి పసుపు రాసి నా ముందు నిలబెట్టేవాళ్లు. మా పైఅధికారి నా రిజిస్టరు తిరగేసి ఇన్ని టీకాలు ఎలా పట్టాయని అడిగాడు. ఓపిగ్గా చెబుతానండీ అన్నాను. చర్చికి పోయే మనిషిని, ఊరూరా అమ్మ పేరు చెప్పి తిరుగుతున్నానని మా పేటలో ఎవరికీ చెప్పలేదు. ఇటు చెప్పుకోలేను, అటు ఒప్పుకోలేను. తెలివి నాదే, దాన్ని పంచుకోవడానికి మాత్రం మనిషి లేడు.

కోడుమూరుకు మూడు గంటల నడక దూరంలో ఒక ఊరు. ఆ ఊరి చివరి మిద్దెలో ఒక చిన్నది, పాతికేళ్లు కూడా ఉండవు, అత్తతో కలిసి ఉండేది. మొగుడు పత్తి తీసే పనికి ఏరు దాటి పోయాడు. నాలుగేళ్ల కూతురు. మళ్లీ కడుపుతో ఉంది, కనబడీ కనబడని కడుపు. ఆ ఏడు ఆ ఊళ్లో పిల్లను తీసుకుని ముందుగా వచ్చింది ఆమే. నేను గాట్లు పెడుతుంటే పిల్ల ఏడ్చింది గాని ఆమె ముఖం తిప్పుకోలేదు. శ్రద్ధగా చూసింది. అంతా అయ్యాక అడిగింది.

"ఇంగేమన్నా చెప్పేది ఉండాదాప్పా?"

నన్ను అలా అడిగినవాళ్లు అంతకు ముందు లేరు. అడిగినందుకైనా చెప్పి ఉండాల్సింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు, ఎండ ఎక్కుతోంది, గుడ్డ ఆరిపోతోంది. "జ్వరం వస్తాది, చంకలో బిళ్ల కడతాది. చిన్నమ్మ వచ్చినట్లు గుర్తు. అంతే తల్లీ, ఇంగేం లేదు" అన్నాను.

ఎనిమిదో రోజు వెళ్లి చూశాను. నాలుగు పొక్కులూ ముత్యాల్లా నిండుగా ఉన్నాయి. పిల్ల నన్ను చూసి తల్లి కుచ్చిళ్ల వెనక దాక్కుంది. చిన్నమ్మ బాగా కూచునిందని చెప్పి వచ్చేశాను.

మరో వారానికి ఇంకో ఊరికి పోతూ అదే దారిన వచ్చాను. పొద్దు నడినెత్తి మీద ఉంది. ఆ చివరి మిద్దె గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వేపమండలు కట్టిన గుమ్మంలోకి బయటివాడు పోకూడదు, లోపలి బిడ్డ బయటికి రాకూడదు. బిడ్డకు మూడు విడతలు వేపాకు నీళ్లు పోసేదాకా అంతే. మశూచి వచ్చిందేమో, నేను వేసిన టీకా పని చేయలేదేమో అనుకున్నాను. వీధిలో నిలబడి పిలిచాను.

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "రావద్దప్పా. ఇంట్లో అమ్మ ఉండాది."

"ఏ అమ్మ?"

"నువ్వు తెచ్చిన చిన్నమ్మే. పోయిన జరం మళ్లీ వచ్చె. చెయ్యంతా ఊదింది. ఏం తప్పు జరిగిందో ఏమో, తల్లికి కోపం వచ్చింది. మండలు కట్టినాం. మొదటి నీళ్లు పోసింది నిన్ననే."

బిడ్డను గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తెమ్మని బతిమాలాను. కోడలు తెచ్చింది. గడపకు అటు ఆమె, ఇటు నేను. పిల్ల చేయి భుజం నుంచి మణికట్టు దాకా ఊది, చర్మం నిగనిగలాడుతోంది. ఎరుపు రొమ్ము మీదికి పాకింది. గోళ్లతో గీరుకున్నట్టుంది, ఒక పొక్కు పగిలి నల్లబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఈసారి నన్ను చూసి దాక్కోలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు.

"నీళ్లు తాగుతాందా?"

"నిన్నటి నుంచి వద్దంటాంది. రెండు దినాలాయె జరం తిరగబెట్టి" అంది కోడలు.

డాక్టరు నేర్పిన రెండో పాఠం ఒక్క ముక్క పోకుండా నా ముందు గడపలో నిలబడి ఉంది. ఇప్పుడే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోదాం అన్నాను. అత్త అడ్డం వచ్చింది. అమ్మ ఒంటి మీద ఉండగా బిడ్డను గడప దాటిస్తారా, ఇంకో రెండు నీళ్లు పడనీ, తల్లే దిగుతాది అంది. ఇంకో రెండు నీళ్లంటే వారం పడుతుంది. ఆ పిల్లకు వారం లేదు. అంతలో చప్పుడు విని జనం చేరారు. దూరంగానే నిలబడ్డారు. ఊరి పెద్దరెడ్డి కూడా వచ్చాడు.

అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. ముందు ఇంకో అబద్ధమే ప్రయత్నించాను. "చిన్నమ్మే చెప్తాంది, బిడ్డను కర్నూలుకు తీసకపొమ్మని. ఏటినీళ్లు చూపించమంటాంది" అన్నాను. అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు కిరస్తానమోడివి. నీకెందుకు చెప్తాదప్పా అమ్మ?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిజం చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఈ మాట సాయంత్రానికి పక్క ఊరికి, వారానికి తాలూకా అంతటికీ పోతుంది. మళ్లీ తలుపులు మూసుకుంటాయి, మళ్లీ పిల్లలు గాదెల్లోకి పోతారు, ఎండాకాలం మశూచి వస్తే ఆ పిల్లలకు దిక్కు లేదు. చెప్పకపోతే ఈ ఒక్క పిల్ల పోతుంది. ఒకటి కనబడని లెక్క, ఒకటి కళ్ల ముందున్న బిడ్డ. ఇది మంచిచెడ్డలు ఆలోచించి చేసిన పని అని నేను ఎప్పుడూ చెప్పుకోను. ఆ ఎండిన పెదాలు చూడలేకపోయాను, అంతే.

"చిన్నమ్మ లేదు" అన్నాను. "అమ్మా లేదు, చెల్లెలూ లేదు. మీరు పేడ పూయకుండా ఉండాలని నేనే కల్పించి చెప్తిని. అది మందు. మందు వేసిన పుండు చెడిపోయింది. నీళ్లు పోస్తే పోయేది కాదు, డాకటరు కోయాల. ఇట్ల కావచ్చునని నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు."

పెద్దరెడ్డి నెమ్మదిగా అన్నాడు. "ఏమప్పా, రెండేళ్లు మా ఇండ్లలో దండాలు పెట్టించి ఆటాడిస్తివే." ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

కోడలు మాత్రం నా ముఖమే చూస్తూ ఉంది. కాసేపటికి బిడ్డను భుజాన వేసుకుంది, తల వంచి వేపమండల కింద నుంచి గడప దాటి వీధిలోకి వచ్చింది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బండి అడిగితే ఎవరూ ఇవ్వలేదు. అమ్మ ఉన్న బిడ్డను ఎక్కించుకుంటే ఎద్దులకు మంచిది కాదన్నారు. నేను చెప్పింది వాళ్లు నమ్మలేదో, నమ్మి కూడా భయపడ్డారో నాకు తెలియదు. ఇద్దరం నడిచాం.

మూడు గంటల దారి. కడుపుతో ఉన్న మనిషి, ఆయాసపడుతోంది. ఇలా ఇవ్వు తల్లీ అని రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు. హంద్రీ ఏటి ఇసుకలోకి దిగాక కాళ్లు కూరుకుపోతుంటే, ఆగి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. నేను పిల్లల్ని ముట్టుకునేది గాట్లు పెట్టడానికే, ఎత్తుకుని నడిచింది ఎప్పుడూ లేదు. తడిగుడ్డ విప్పి పిల్ల నుదుట వేశాను. గొట్టాలు ఎండకు పాడైపోతే పోనీ అనుకున్నాను. కోడుమూరులో ఒక సాయిబు బండి దొరికింది. "బిడ్డకు బాగలేదంటే ఇంగ అడిగేదేముంది, ఎక్కండి" అన్నాడు. తెల్లారేసరికి కర్నూలులో ఉన్నాం.

ఆసుపత్రిలో చూసింది నాకు పని నేర్పిన డాక్టరే. చంకలో కోసి చీము తీశాడు. బిడ్డను చూశాక బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను ఒక్కటే అడిగాడు.

"రెండో పాఠం చెప్పావా?"

"చెప్పలేదండీ."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. పిల్ల బతికింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. మోచేయి మాత్రం పూర్తిగా చాపుకోలేకపోయింది. ఆ చేయి ఎప్పుడూ ఏదో పట్టుకుని ఉన్నట్టు వంగే ఉండేది.

నేను అనుకున్నట్టే అయింది. నా కంటే ముందు నా మాట నడిచింది. ఏ ఊరికి పోయినా "ఏమప్పా, ఈ పొద్దు ఎవరిని తెస్తివి, పెద్దమ్మనా చిన్నమ్మనా?" అని ఎగతాళి. తలుపులు మూసుకున్నాయి. మా చర్చిలోనూ తెలిసిపోయింది. ఊరూరా అమ్మ పేరు చెప్పినవాడని మూడు నెలలు నాకు ప్రభువు రొట్టె ఇవ్వలేదు. ఆదివారం వెనక వరసలో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఆ ఎండాకాలం మశూచి రానే వచ్చింది. ఒక ఊళ్లో, నా మీద కోపంతో టీకా వద్దన్న ఇళ్లలో ఐదుగురు పిల్లలు పోయారు. చిన్నమ్మ పేరు చెప్పి నేను గాట్లు పెట్టిన పిల్లలకు ఏమీ కాలేదు. నా అబద్ధం వల్ల బతికినవాళ్లున్నారు, నా నిజం వల్ల పోయినవాళ్లున్నారు. దీన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక గోడతో చెప్పుకున్నాను. ఎవరైనా ఇంట్లోకి వస్తారేమోనని తలుపు తెరిచే పెట్టుకున్న రోజులున్నాయి. ఎవరూ రాలేదు.

మరుసటి చలికాలం ఆ ఊరి వంతు వచ్చింది. పోవడానికి నాకు ముఖం చెల్లలేదు గాని ఉద్యోగం కదా, పోయాను. చావడిలో పెట్టె తెరిచి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు. ఇక పెట్టె మూసేద్దామని లేస్తుంటే ఆమె వచ్చింది. చంకలో ఆరేడు నెలల మగబిడ్డ. పక్కన కూతురు, వంగిన చేత్తో తల్లి కొంగు పట్టుకుని. ఆమె నా ఎదురుగా కూర్చుని బిడ్డ భుజం బయటికి తీసింది. నేను గొట్టం పగలగొట్టబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఇంగేమన్నా చెప్పేది ఉండాదాప్పా?"

"ఉండాది" అన్నాను.

రెండు పాఠాలూ చెప్పాను. ఏది మామూలో, ఏది కాదో, ఏది కనబడితే నా కోసం చూడకుండా ఆ పూటే బండి కట్టాలో చెప్పాను. బిడ్డ గోళ్లు తీసేయమన్నాను, పొక్కును తాకనివ్వద్దన్నాను, ఆ చేత్తో కళ్లు నలుపుకోనివ్వద్దన్నాను. బిడ్డ ఒంటి మీద గజ్జి ఉందేమోనని విప్పించి చూశాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటి నాకే తిరిగి అప్పచెప్పింది. ఒకటి మరిచిపోతే పక్క నుంచి కూతురు అందించింది.

"అంతేనా?" అంది.

"అంతే తల్లీ."

"ఆ పొద్దూ అంతే అంటివి."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ ఆ మాట వినబడుతూనే ఉంటుంది. "అయితే పక్కు రాలేదాకా ఈ చావడిలోనే ఉంటాను, దినామూ తెచ్చి చూపించు" అన్నాను. ఆమె బిడ్డ భుజాన్ని నా వైపు తిప్పింది.

ఉన్నాను. పగలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పొద్దు వాలేసరికి చావడికి వచ్చేవాణ్ణి. ఊళ్లో నాతో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆమె రోజూ దీపాల వేళకు ముందే వచ్చి, భుజం చూపించి, "జరం ఉండాది", "ఈ పొద్దు తగ్గింది", "పాలు తాగినాడు" అని ఏదో ఒకటి చెప్పి పోయేది. జ్వరం తగ్గిన తర్వాతి నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. జ్వరం తిరిగి రాలేదు. పొద్దున లేవగానే ఇవాళ్టికి ఎన్నో రోజో లెక్క చూసుకునేవాణ్ణి. ఆమె వచ్చే దారి వైపే తిరిగి కూర్చునేవాణ్ణి. ఒక రోజు కొంచెం ఆలస్యమైతే వీధిలోకి వెళ్లి నిలబడ్డాను.

ఇరవై రెండో రోజు ఆమె వచ్చి బిడ్డ భుజం చూపించింది. పక్కు రాలిపోయింది. కింద లేత గులాబి రంగు చర్మం, చదరంగా నాలుగు మచ్చలు. నేను వేలితో తడిమి చూశాను. బిడ్డ నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు.

"ఇంగ నువ్వు పోవచ్చునప్పా" అంది ఆమె.

తల ఊపి పెట్టె సర్దుకున్నాను. నా భార్య పోయిన తర్వాత ఒక మనిషి నా కోసం రోజూ ఒక వేళకు వచ్చింది ఆ ఇరవై రెండు రోజులే. పొమ్మన్నందుకు బాధేసింది. ఊరు దాటేదాకా వెనక్కి చూడకూడదనుకున్నాను గాని చూశాను. కూతురు మిద్దె మీద నిలబడి ఉంది. తమ్ముణ్ణి ఆ వంగిన చేతిలోనే ఎత్తుకుని ఉంది.